అమ్మ మూకుట్లో నా కాఫీ

ఇంట్లో వేయించుకున్న గింజలతో చేసిన కాఫీ రుచే వేరని ఎవరైనా చెబితే నమ్మండి. అది ఎంత వేరుగా ఉండగలదో నాకు తెలిసినంతగా కృష్ణా జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. నేను వేయించిన కాఫీ వల్ల ఒక పెద్దమనిషి పదహారు రోజుల నిష్ఠ గంగలో కలిసింది. ఆయన ఇల్లాలు చీపురు పట్టుకుంది. ఒక పిల్లి ఆ తర్వాత చాలాకాలం పాటు కాఫీ వాసన వస్తే చాలు, పరుగెత్తుకొచ్చేది. ఇంత అనర్థమూ ఒక్క పూటలో, అరకిలో గింజలతో చేశాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఇంట్లో వాళ్ళు పాతికేళ్ళ నుంచీ నవ్వుతూనే ఉన్నారు.

మాది బందరు పక్కన గిలకలదిండి. మా అమ్మ ఎండు రొయ్యల వ్యాపారం చేసేది. రొయ్యలు తెచ్చి, పెద్ద ఇనప మూకుట్లో వేయించి, తలా తోకా నలిపి, చేటలో చెరిగి, బుట్టలకెత్తి బంటుమిల్లి బజారుకు తీసుకెళ్ళేది. నేను డిగ్రీ రెండుసార్లు రాసి, రెండుసార్లూ యూనివర్సిటీ వారి అభిప్రాయంతో విభేదించి, బెజవాడలో ఒక కాఫీపొడి కొట్లో ఆరు నెలలు పొట్లాలు కట్టాను. ఆరు నెలలు పొట్లాలు కట్టిన వాడికి కాఫీ గురించి తెలియనిది ఉండదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

చల్లపల్లిలో రోడ్డు మీదికి ఒక గది ఖాళీ అయిందని తెలిసింది. అంతకు ముందు అందులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవారు. ఇల్లుగలాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు పాండురంగారావు గారు. కాఫీపొడి కొట్టు పెట్టుకుంటానని వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను.

"చెప్పుల షాపాయన కూడా అడుగుతున్నాడోయ్," అన్నారు మాస్టారు, మెడలో ఇంకా వేలాడుతున్న విజిల్ని తడుముకుంటూ. "నాకు చెప్పులకంటే కాఫీ ఇష్టం. సోమవారం నువ్వు వేయించిన పొడి పట్రా. తాగి చూస్తా. బాగుంటే గది నీది, లేకపోతే చెప్పులది."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"దొరికితే కాఫీ అమ్ముకో. దొరక్కపోతే మంగళారం నించి నాతో బంటుమిల్లికి బుట్టలు మోత్తా వచ్చెయ్. ఇంకో మాట లేదు."

బంటుమిల్లి మీద నాకేం కోపం లేదు. కానీ నాతో డిగ్రీ చదివిన అమ్మాయిల్లో సగం మంది ఆ ఊరి వాళ్ళే. నెత్తి మీద రొయ్యల బుట్టతో వాళ్ళ ఎదురుగా నడవడం కంటే సముద్రంలో దూకడం మేలనిపించింది. కాబట్టి మాస్టారి నాలుక మీదే నా జీవితం ఆధారపడి ఉంది.

ఆదివారం పొయ్యి వెలిగించి, అమ్మ మూకుడు పెట్టి, పచ్చి కాఫీ గింజలు పోశాను.

"ఇయ్యేంట్రా, బొబ్బర్లా?" అంది అమ్మ తొంగిచూసి.

"కాఫీ గింజలే!"

"ఇంత తెల్లగా ఉంటాయా? నిన్నెవరో మోసం జేశార్రా నాయనా."

"వేగితే నల్లబడతాయమ్మా. నువ్వు చూస్తూండు."

గింజలు ముందు పసుపుపచ్చగా, తర్వాత ఇటుక రంగులోకి తిరిగి చిటపటలాడటం మొదలెట్టాయి. పొగ లేచింది. పొట్టు ఎగిరి నా జుట్టులో చేరింది. అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని సిద్ధంగా నిలబడింది, పొయ్యి మీద పోయడానికో, నా మీద పోయడానికో నాకు తెలియదు. సరిగ్గా అదను చూసి దించి, చేటలో పోసి, పొట్టు చెరిగి, మిక్సీలో ఆడించాను.

ఇక్కడ మీరు చెయ్యెత్తి ఒక ప్రశ్న అడగాలని చూస్తున్నారని తెలుసు. మూకుడు ఎవరిది? చేట దేనిది? ఆ మిక్సీలో వారం వారం రొయ్యపొట్టు కారం ఆడించేది ఎవరు? అడగండి, తప్పులేదు. నాకు మాత్రం ఆ రోజు అడగాలని తోచలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలో పెరిగిన ముక్కులు మావి. మా ఇంట్లో ఎండు రొయ్యల వాసన ఒక వాసన కాదు, అది మామూలు గాలి. కాఫీ కాచి అమ్మకిచ్చాను. చప్పరించి, "అబ్బ, ఎంత కమ్మగా ఉందిరా!" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మర్నాడు పొడి డబ్బా ఒళ్ళో పెట్టుకుని చల్లపల్లి బస్సెక్కాను. పక్కన కూర్చున్నావిడ రెండుసార్లు గాలి పీల్చి, "రొయ్యలు మంచియ్యేనా అబ్బాయ్?" అని అడిగింది.

అమ్మను ఎరిగినావిడ కాబోలనుకుని, "రొయ్యలు మా అమ్మండీ. నేను కాఫీ," అన్నాను దర్జాగా.

ఆవిడ నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూసి, పాపం ఎంత చక్కటి కుర్రాడో అన్నట్టు నిట్టూర్చి, కిటికీ వైపు తిరిగింది.

మాస్టారి ఇంటికి వెళ్ళేసరికి ఆయన తడి తలతో, నీరసంగా వాలుకుర్చీలో ఉన్నారు.

"కార్తీక మాసం కదోయ్. పదహారు రోజులైంది నీచు ముట్టి. మా ఆవిడ వంటింట్లోకి వెల్లుల్లి రేకను కూడా రానివ్వడం లేదు. సొరకాయ, బీరకాయ, మళ్ళీ సొరకాయ. నా గొడవకేంగానీ, కాఫీ కానియ్."

వాళ్ళావిడ అనసూయమ్మ గారు పెరట్లో తులసికోట దగ్గర దీపాలు సర్దుకుంటున్నారు. ఆవిడనడిగి వంటింట్లోకి వెళ్ళి నేనే డికాషన్ తీసి, చిక్కటి పాలు కలిపి, గ్లాసు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాను.

ఒక గుక్క తాగారు. ఆగిపోయారు. కళ్ళు మూసుకున్నారు.

"ఒరే అబ్బాయ్."

"అండీ."

"ప్రాణం లేచొచ్చిందిరా!"

నేను గాల్లో తేలాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి ముందుకు చాపారు. "ఇంకోటి."

రెండోది సగం తాగి, అడుగుకంటా చూసి, "ఇందులో ఏదో ఉందోయ్," అన్నారు.

"చికోరీ అండీ."

"చికోరీ నాకు తెలీదా? అది కాదు. ఏదో... చిన్నప్పటి చుట్టంలా పలకరిస్తోంది. ఎందుకోనోయ్, ఇది తాగుతుంటే గోంగూర గుర్తొస్తోంది!"

"వేయించడంలో ఉంటుందండీ అంతా," అన్నాను వినయంగా. ఆ మాటలో ఎంత నిజముందో ఆ రోజు నాకు తెలియదు.

"గది నీదే! చెప్పులాయనకి కబురు పెట్టేస్తా," అని ఆయన ఆనందం పట్టలేక విజిల్ ఊదారు.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి చప్పుడైంది. వెళ్ళి చూస్తే అనసూయమ్మ గారి పెంపుడు పిల్లి నా డబ్బాను కౌగలించుకుని మూత నాకుతోంది. కిటికీ చువ్వల్లోంచి ఇంకో రెండు వీధి పిల్లులు తలలు దూర్చాయి. అలికిడికి అనసూయమ్మ గారు వచ్చారు.

"ఏమిటబ్బాయ్ ఇది?"

"కాఫీపొడి అండీ."

"మా పిల్లి పుట్టి బుద్ధెరిగి కాఫీ మొహం చూసింది లేదు." ఆవిడ డబ్బా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అంతే, కనుబొమలు కొప్పు దాకా వెళ్ళాయి. "గింజలు ఎందులో వేయించావ్?"

"మూకుట్లోనండీ."

"అంతకు ముందు రోజు ఆ మూకుట్లో ఏం వేయించారు?"

"ఎండు రొయ్యలండీ."

"దాని ముందు రోజు?"

"ఎండు రొయ్యలేనండీ."

"పొట్టు దేంట్లో చెరిగావ్?"

"రొయ్యలు చెరిగే చేటలోనండీ." అప్పటికి నా నోరు చెబుతున్నది నా చెవులకు మెల్లమెల్లగా ఎక్కుతోంది. "అయ్యబాబోయ్!" అన్నాను.

"మిక్సీ గురించి అడగనా?"

"వద్దండీ."

గుమ్మంలో మాస్టారు గ్లాసు వీపు వెనక దాచుకుని నిలబడ్డారు. ఆవిడ అటు తిరిగారు. "ఎన్ని తాగారు?"

"ఒకటి..." అన్నారు మాస్టారు. "... మీద ఇంకోటి."

"వెళ్ళండి! నూతి దగ్గర తలమీద నీళ్ళు పోసుకోండి! పదహారు రోజులూ నీళ్ళపాలు. ఇవ్వాళ్టి నుంచి లెక్కపెట్టి మళ్ళీ ముప్ఫై రోజులు!"

"అంటే మార్గశిరం సగం దాకానా?" అని మాస్టారు పెట్టిన కేక బస్టాండు దాకా వినబడి ఉంటుంది. ఆవిడ చీపురు అందుకున్నారు. అది పిల్లుల కోసమో నా కోసమో ఆగి కనుక్కోకుండా, డబ్బా చంకలో పెట్టుకుని బయటపడ్డాను.

బస్టాండుకు నడుస్తుంటే ఏడుపొచ్చింది. గది పోయింది. రేపు పొద్దున బుట్ట, బంటుమిల్లి, ఆ అమ్మాయిలు. ఆరు నెలల కాఫీ చదువూ అమ్మ మూకుట్లో మాడిపోయింది. చాలా సిగ్గేసింది, నిజంగా.

వెనక నుంచి విజిల్. తిరిగి చూస్తే మాస్టారు తల తుడుచుకోకుండా, తడిపంచెతో, సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నారు. కొట్టడానికే అనుకుని కళ్ళు మూసుకున్నాను. అరచేతిలో చల్లగా ఏదో పడింది. తాళంచెవి!

"మా ఆవిడే ఇమ్మందోయ్. అడిగినవన్నీ దాచకుండా చెప్పాడు, అబద్ధాలాడే వాడు కాదు, పొడి కల్తీ చెయ్యడు అంది. కొత్త మూకుడు, కొత్త చేట, కొత్త మిక్సీ. మూడింటినీ ముందు తనకి చూపించాలంట."

"అలాగేనండీ! ఇప్పుడే ఈ పాడు పొడి కాలవలో పారబోసి..."

"ఆగు!" మాస్టారు అటూ ఇటూ చూసి, డబ్బా మీద చెయ్యేసి, గొంతు తగ్గించారు. "అది పారెయ్యకు. గదిలో వెనక అరలో పెట్టు. రోజూ పొద్దున్న ఆరింటికి నేను వాకింగ్‌కి వస్తా."

"మాస్టారూ! మరి నిష్ఠ..."

"నీచు తినకూడదన్నారు గానీ, తాగకూడదని ఎవరన్నారోయ్?"

ఆ రోజు చల్లపల్లి నడిరోడ్డు మీద, తాళంచెవి కళ్ళకద్దుకుని, సముద్రం ఉన్న దిక్కుకు తిరిగి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో అమ్మ మూకుట్లో కాఫీ గింజలు వేయించను, అమ్మ చేటలో చెరగను, అమ్మ మిక్సీ జోలికి పోను. ఆ ప్రమాణాన్ని ఇప్పటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను, ఏడాదికి పదకొండు నెలల పాటు.