బీరు లెక్కల రెండో వెర్షన్

నేను ఇప్పటిదాకా బీరు రుచి చూడలేదు. అయినా ఒకప్పుడు దోహా అవతల ఎడారిలో దుఖాన్ అనే చమురు ఊళ్ళో, ఇంట్లో బీరు తయారుచేసుకునే పది పదిహేను మంది, నా పని ఎప్పుడు పూర్తవుతుందా అని నెలల తరబడి ఎదురుచూశారు.

అది తొంభైల మధ్యకాలం. మా ఆయన అక్కడి చమురు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. పెళ్ళయిన ఏడాదికి నేను ఫ్యామిలీ వీసా మీద వెళ్ళాను. కాకినాడలో లెక్కల్లో ఎమ్మెస్సీ, ఆ తరవాత ఒక ఏడాది కంప్యూటర్ డిప్లొమా చేశాను. ఆ రెండు సర్టిఫికెట్లూ సూట్‌కేసు అడుగున చీరల కింద ఉండేవి. ఉదయం ఆరింటికల్లా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయేవారు. ఏడున్నరకి వంట, ఎనిమిదికి ఇల్లు తుడవడం అయిపోయేవి. ఇసుకగాలి లేని రోజున సముద్రం దాకా నడిచి వచ్చేదాన్ని. దోహా వెళ్ళాలంటే కారులో గంటకు పైగా ప్రయాణం, అది వారానికోసారి.

దేశం వదిలి వెళ్ళిపోతున్న ఆఫీసు స్నేహితుడొకాయన దగ్గర మా ఆయన ఒక పాత కంప్యూటర్ కొన్నారు. "నీకు కాలక్షేపం అవుతుంది" అన్నారు. దాన్ని కారులోంచి దించుతుండగా పక్కింటి పెద్దాయన గోడ మీదుగా చూశాడు. మర్నాడు పొద్దున్నే చేతిలో ఒక ఫ్లాపీతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

ఆయనది ఇంగ్లండు. కంపెనీ ల్యాబులో కెమిస్టు, రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్నాడు. భార్య ఏడాదిలో నాలుగు నెలలే ఇక్కడ ఉండేది. మిగతా కాలమంతా ఆయనకి తోడు బీరు. తాగడం కన్నా తయారుచెయ్యడం మీదే ఆయనకి ధ్యాస ఎక్కువ. ఆ దేశంలో మద్యం మీద కట్టడి ఉన్నా తెల్లవాళ్ళ ఇళ్ళల్లో చాలామంది చేసుకునేవారు. అది ఇంటి గోడలు దాటనంతవరకూ ఎవరూ మాట్లాడేవారు కాదు. అందరికీ తెలిసినదే, ఎవరూ అనుకోనిదే.

"మీకు బేసిక్ వచ్చా?" అని అడిగాడు. కంప్యూటర్ భాష సంగతి.

"వచ్చు."

"అయితే ఇది ఒకసారి చూడండి. రాసింది నేనే. ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు."

ఆ ఫ్లాపీలో ఉన్నది బీరు రెసిపీలు లెక్కగట్టే ప్రోగ్రాం. బార్లీ మొలకల నుంచి తీసిన పాకం డబ్బాల్లో వస్తుంది, దాన్ని మాల్ట్ అంటారు. అది ఎంత, పంచదార ఎంత, చేదు కోసం వేసే హాప్స్ అనే పువ్వు ఎంత, నీళ్ళెన్ని అని చెబితే, తయారయ్యే బీరు ఎంత గాఢంగా, ఎంత చేదుగా, ఏ రంగులో ఉంటుందో అది ముందే చెబుతుంది. ఎప్పుడో ఇంగ్లండులో, చలి ఊళ్ళో కూర్చుని రాశాడట. అన్నీ గ్యాలన్లు, పౌండ్లు, ఔన్సులు. ఇక్కడ డబ్బాలు కిలోల్లో వస్తాయి, నీళ్ళు లీటర్లలో. ఆ ప్రోగ్రాం కాపీ ఉన్న ప్రతివాడూ కంప్యూటర్ పక్కన మార్పిడి లెక్కల కాగితం అంటించుకునేవాడు. రెండో వెర్షన్ వస్తుందని ఈయన రెండేళ్ళుగా అందరికీ మాటిస్తున్నాడు. ఈలోగా కంటిలో శుక్లం వచ్చింది. తెరమీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఇక ఆ రెండో వెర్షన్ నన్ను రాసిపెట్టమన్నాడు.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను.

"పులియబెట్టేది బీరే కదా?" అన్నారు.

"లెక్కలు మాత్రమే నావి. బీరు ఆయనది."

"మనూళ్ళో దీన్నే సారా బట్టీ అంటారు. పోలీసులొస్తే కాచేవాడితోపాటు కుండలు కడిగేవాణ్ణి కూడా తీసుకెళ్తారు."

"ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవర్నీ తీసుకెళ్ళలేదుగా."

"వాళ్ళ సంగతి వేరు, మన సంగతి వేరు. నా ఉద్యోగం పోతే మన వీసాలూ పోతాయి."

రెండు రోజులు ఆ మాట మా మధ్య నలిగింది. మూడోరోజు ఆయనే ఒప్పుకున్నారు. రెండు షరతులు పెట్టారు. ప్రోగ్రాంలో ఎక్కడా నా పేరు ఉండకూడదు. మా ఇంట్లోకి ఒక్క సీసా రాకూడదు.

పాత ప్రోగ్రాం చూశాక మొత్తం మళ్ళీ రాయడమే తేలికనిపించింది. ఒక లైను నుంచి ఇంకో లైనుకి, అక్కణ్ణుంచి వెనక్కి గెంతుతూ ఉండేది. రోజూ ఎనిమిదిన్నరకి కూర్చుని మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా రాసేదాన్ని. తెలియనివి నోట్‌బుక్‌లో రాసుకుని సాయంత్రం పెద్దాయన్ని అడిగేదాన్ని. పులియడం గురించి నాకు కొంత తెలుసు. ఇడ్లీ పిండి జనవరిలో పొద్దుటికి కూడా కదలదు, జూన్‌లో గిన్నె దాటి పొర్లుతుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, ఏ గిన్నె, ఎంత పిండి, ఎన్ని గంటలు అని వరసగా అడిగి తన పుస్తకంలో రాసుకున్నాడు. తరవాత మా ఇంటినుంచి ఒక గిన్నెడు పిండి కూడా తీసుకెళ్ళాడు. ఏం చేశాడో చెప్పలేదు.

నేను రాస్తున్నానని అందరికీ తెలిసిపోయింది. శుక్రవారాలు పెద్దాయన వరండాలో చేరేవాళ్ళు గోడ మీదుగా పలకరించేవారు. కంపెనీ దుకాణంలో పంచదార బస్తాల దగ్గర ఎర్రగడ్డం డ్రిల్లింగ్ ఇంజనీరు ఒకడు నన్ను ఆపి, "ఈ నెలలో వస్తుందా?" అని అడిగాడు. అతనికి ఖర్జూరపాకంతో చేసే బీరుకి లెక్క కావాలి. ఇంకొకాయనకి తెర మీద అక్షరాలు పెద్దవిగా ఉండాలి. దోహాలో ఐన్ ఖాలిద్ అనే పేటలో ఉండే ఒకాయన పెద్దాయనకి ఫోన్ చేసి, సగం పూర్తయినది ఉన్నా పంపమని బతిమాలాడట. "సగం ఉడికిన అన్నం పెట్టనని చెప్పండి" అన్నాను. పెళ్ళయ్యాక వంట కాకుండా నేను చేసే పని కోసం ఎవరైనా ఎదురుచూడటం అదే మొదటిసారి. అది బీరు కోసమైనా సరే, నాకు బాగుండేది. దుకాణానికి వెళ్ళేటప్పుడు కొంచెం మంచి చీర కట్టుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన గమనించారు.

మూడు నెలలకి పూర్తయింది. కొత్త వెర్షన్‌తో మొదటి బీరు పెద్దాయనే చేశాడు, ఇరవై మూడు లీటర్లు. సీసాల్లో పోసే ముందు కొలిచి కొద్దిగా పంచదార కలుపుతారు. సీసాలో మిగిలిన ఈస్టు ఆ పంచదారని తిని గ్యాసు చేస్తుంది. బీరుకి నురగ దాని వల్లే. ఎంత కలపాలనేది పులిసిన గది వేడిని బట్టి మారుతుంది. ఎక్కువైతే సీసా పగులుతుంది. ఆ లెక్క కూడా నా ప్రోగ్రామే చెప్పింది. మరీ కొంచెం చెప్పిందేమిటా అని ఆయనకి అనుమానం వచ్చిందట. కంప్యూటర్ మాట కాదనలేక ఊరుకున్నాడు.

మూడు వారాల తరవాత ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. ఎనిమిది మంది వచ్చారు. ఆ సమయానికి ఆయన భార్య ఊళ్ళోనే ఉంది, నాకోసం విడిగా కూరగాయల భోజనం చేసింది. మా ఆయన కూడా వచ్చి గోడవారగా ఉన్న కుర్చీలో ఇబ్బందిగా కూర్చున్నారు.

"మొదటి సీసా మీరే తియ్యాలి" అని పెద్దాయన మూత తీసే సాధనం నా చేతికిచ్చాడు.

తీశాను. మూత ఊడి బల్ల మీద పడింది. సీసా నుంచి ఏ చప్పుడూ రాలేదు. గ్లాసులో పోస్తే నీళ్ళలా జారింది. ఆయన రెండోది తీశాడు, మూడోది తీశాడు. అవీ అంతే.

"రుచి బాగానే ఉంది" అన్నాడొకాయన.

"చల్లారిన టీ లాగా ఉంది" అన్నాడు ఎర్రగడ్డం.

అన్నం సగంలో లేవడం బాగుండదని చివరిదాకా కూర్చుని, ఇంటికొచ్చి కంప్యూటర్ మీద దుప్పటి కప్పేశాను.

సాయంత్రం టీ తాగుతూ మా ఆయన, "ఆ ప్రోగ్రాం ప్రింటు ఇలా తీసుకురా" అన్నారు. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆయన దాన్ని చూడలేదు. ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి పేజీ నుంచి చదివారు. నాలుగో పేజీలో ఆగారు.

"ఇందులోకి వెళ్ళే టెంపరేచర్ ఏ యూనిట్?"

"సెల్సియస్. అన్నీ సెల్సియస్‌లోకి మార్చాను."

"అడిగే ప్రశ్న మార్చావు. సూత్రం మార్చావా?"

మార్చలేదు. తెర మీద ప్రశ్న సెల్సియస్‌లో అడుగుతోంది. లోపలి సూత్రం పెద్దాయన రాసినది, ఫారెన్‌హీట్‌ది. గది ఇరవై నాలుగు డిగ్రీలు అని చెబితే అది ఇరవై నాలుగు ఫారెన్‌హీట్ అనుకుంది. అంటే మంచుగడ్డ కన్నా చల్లన. అంత చలిలో బీరులో గ్యాసు ముందే బోలెడు ఉంటుంది కాబట్టి పంచదార దాదాపు అక్కర్లేదని చెప్పింది.

"ఎమ్మెస్సీ చదివాను" అన్నాను. ఏడుపొచ్చింది.

"ప్లాంటులో మేము రోజూ చేసే తప్పే ఇది. అందుకే ప్రతి మీటరు మీదా యూనిట్ రాసి ఉంటుంది." పెన్ను మూత పెట్టి, "పద, ఆయనకి చెబుదాం" అన్నారు.

పెద్దాయన విని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆ సూత్రం పక్కన యూనిట్ రాయనిది నేనే" అన్నాడు. బీరు పారబొయ్యక్కర్లేదన్నాడు. మూతలు తీసి తగిన పంచదార వేసి మళ్ళీ బిగిస్తే సరిపోతుందట.

శనివారం డ్యూటీ దిగాక మా ఆయనా నేనూ వాళ్ళ వంటింటికి వెళ్ళాం. పెద్దాయన మూతలు తీశాడు. ఆయన భార్య, నేను చిన్న చెంచాతో పంచదార వేశాం. మూతలు బిగించే మీట మా ఆయన తీసుకున్నారు. మొదటి రెండు వంకరగా పడ్డాయి. తరవాత ఆయనకి పట్టు దొరికింది. ఒక్కో మూత సమానంగా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి పక్కన పెట్టేవారు. ముప్ఫై ఎనిమిది సీసాలు. చివరికొచ్చేసరికి ఆ మీట స్ప్రింగు వదులుగా ఉందని, ఎలా బిగించాలో పెద్దాయనకి వివరిస్తున్నారు.

రెండు వారాల తరవాత వాళ్ళు మళ్ళీ కలిశారు. నేను వెళ్ళలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ గోడ అవతల నుంచి బుస్సుమన్న చప్పుడు, వెంటనే నలుగురైదుగురి నవ్వులు విన్నాను. కాసేపటికి ఎర్రగడ్డం గోడ దగ్గరికి వచ్చి గ్లాసు ఎత్తి చూపించాడు. సగం నురగే ఉంది.

అప్పుడు కాపీలు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఫ్లాపీల కోసం గురువారం దోహా వెళ్ళాం. కంప్యూటర్ దుకాణంలో పనిచేసే కుర్రాడిది కరీంనగర్. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు.

"ఇన్ని ఫ్లాపీలు ఏం జేస్తరక్కా దుఖాన్‌ల?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది ధరల పట్టిక చదువుతున్నారు.

"వంట లెక్కలు. ఏది ఎంత వెయ్యాలో చెబుతుంది" అన్నాను.

"గట్లనా? మా అన్న లేబర్ క్యాంప్ మెస్‌ల వండుతడక్కా. నిన్న నూటయాభై మంది, ఇయ్యాల మూడొందలు. మనుషులు పెరిగినప్పుడల్లా ఉప్పు తప్పుతది. ఆయనకొకటి రాసిస్తవా?"

సగం అబద్ధం చెప్పినందుకు సిగ్గేసి ఒప్పుకున్నాను. మాల్ట్ ఉన్నచోట బియ్యం, హాప్స్ ఉన్నచోట కారం పెట్టడమంత సులువు కాదది. అన్నం రెట్టింపయితే ఉప్పు సరిగ్గా రెట్టింపు కాదని, నూనె అసలే కాదని వాళ్ళన్న చెప్పాడట. ఆ కొలతలన్నీ తమ్ముడు ఫోన్లో చదివితే నేను రాసుకున్నాను. పూర్తి చేసేసరికి చలికాలం వచ్చింది.

ఆ చలికాలంలోనే పెద్దాయన రిటైరై వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గోడ దగ్గర నిలబడి మా ఇద్దరితో చాలాసేపు మాట్లాడాడు. ఎక్కువగా మా ఆయనతో, ఆ స్ప్రింగు గురించి. రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. కంటికి ఆపరేషన్ అయిందట. అక్కడి స్నేహితులకి రెండో వెర్షన్ చూపిస్తే, లీటర్లు ఎవరికి కావాలి, గ్యాలన్లలో ఇవ్వమన్నారట. గ్యాలన్లు పెట్టి పోస్టులో పంపాను. అందిందని జవాబు రాలేదు.

మెస్ ప్రోగ్రాం దుకాణం కంప్యూటర్లోనే ఉండేది. రోజూ సాయంత్రం అన్న ఫోన్ చేసి రేపటి మనుషుల సంఖ్య చెబితే, తమ్ముడు లెక్క చూసి చదివి వినిపించేవాడు. ఒక గురువారం మేము వెళ్ళేసరికి అన్న కూడా అక్కడే ఉన్నాడు. లావుపాటి మనిషి, ముంజేతుల మీద నూనె చిందిన మచ్చలు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"సలాం అక్కా. మంచిగనే ఉన్నది. ఉప్పు ఒక్కపూట గూడ తప్పలే."

"ఇంకేమైనా మార్చాలా?"

అడగాలా వద్దా అన్నట్టు తమ్ముడి వైపు చూశాడు.

"పసుపు మర్శిపోయినవక్కా."

నిజమే, మరిచిపోయాను. మూడొందల మందికి పసుపు ఎంతో అతన్నే అడిగి, దుకాణం బిల్లు వెనకాల రాసుకున్నాను.