బండి మీది పసుపు తాడు

మా ఇంటి ముందు రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. దాని మీదుగా ఏ బండి పోయినా, ఖాళీదో నిండుదో నేను తల ఎత్తకుండానే చెప్పగలను. బీడీలు చుట్టేవాళ్లకు పనంతా చేతులకే, చెవులు ఖాళీగా ఉంటాయి. మా ఆయన పసుపు పాలిష్ డ్రమ్ము మోసే డీసీఎం బండి నడిపిన రోజుల్లో ఆ ఖాళీ చెవులే నన్ను బతకనివ్వలేదు.

మా ఆర్మూర్ వైపు పసుపు ఉడకబెట్టి కల్లంలో ఎండబెట్టాక, కొమ్ము మీది పొట్టు పోయి మెరుపు రావాలంటే డ్రమ్ములో వేసి తిప్పాలి. మనిషి లోపల కూర్చోగలిగేంత ఇనుప డ్రమ్ము, కింద ఇనుప చట్రం, పక్కన ఇంజను. దొంకేశ్వర్ అనీ, మెండోర అనీ, సీజనంతా కల్లం కల్లానికీ దాన్ని బండి మీద తిప్పాలి. బండీ డ్రమ్మూ ఒక పటేల్‌వి. నడిపేది మా ఆయన.

డ్రమ్మును బండికి కట్టే తాడు ఒకటుండేది. కొన్నప్పుడు తెల్లగా ఉండేదట. ఏళ్ల తరబడి పాలిష్ పొడి పట్టీ పట్టీ పచ్చగా అయిపోయింది. సీజన్ మొదటి రోజు పటేల్ ఆ తాడుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. పాతబడింది, మారుద్దామని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఇంతెత్తున లేచేవాడు.

“పసుపు తాడును తీసి పారేస్తరా? మీ ఇంట్ల ఆడోళ్లు తీస్తరా?”

ఈ మాటకు మా ఊళ్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. నా మెడలోనూ అదే రంగు తాడు ఉంది కాబట్టి మొదట్లో నా దగ్గరా లేదు. కానీ పసుపు పొడి పట్టిన తాడు నున్నగా జారుతుంది. వేసిన ముడి వేసిన చోట ఉండదు. పైకి పెళ్లికూతురిలా కనిపిస్తుంది గానీ లోపల పోగులన్నీ పెళుసెక్కి ఉంటాయి.

మా ఆయనకు ఆ తాడంటే మొదటి నుంచీ భయమే. ఆయన గల్ఫ్‌లో ట్రెయిలర్ నడిపి వచ్చిన మనిషి. అక్కడ పెద్ద మిషన్ ఎక్కిస్తే నాలుగు మూలలా ఇనుప గొలుసులు వేసి బిగించాలట. కొంత దూరం పోయాక బండి ఆపి, దిగి, ప్రతి గొలుసునూ గుంజి చూడాలట. వచ్చిన కొత్తలో పటేల్‌ను గొలుసు అడిగాడు. పటేల్ నవ్వాడు.

“లక్ష్మికి సంకెళ్లేస్తవార?”

మా ఆయన గొలుసంటే ఆ పెద్దమనిషికి అది సంకెళ్లుగా వినిపించింది. పటేల్ చెడ్డవాడేం కాదు. మా చిన్నదానికి జ్వరమొస్తే తన మోటార్ సైకిల్ మీద దవాఖానకు తీసుకుపోయిన మనిషి. కానీ ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ డ్రమ్ము ముందర కూర్చునేది పటేల్ కాదు కదా.

నాకు ఆ భయం అంటుకున్నది దొంకేశ్వర్ పోయిన రోజున. అక్కడ మా ఆడబిడ్డ ఇంట్లో పండుగ. ఎలాగూ డ్రమ్ము ఆ ఊరికే పోతోంది, ఎక్కమన్నాడు మా ఆయన. పొద్దున్నే క్యాబిన్‌లో ఆయన పక్కన కూర్చుని, కొత్త చీర నలగకుండా సర్దుకుంటూ, హాయిగానే బయల్దేరాను. ఊరు దాటగానే గేదెలు అడ్డమొచ్చాయి. ఆయన బ్రేకు వేశాడు.

డుమ్.

పెద్ద చప్పుడేం కాదు. ఎవరో వెనక నుంచి తలుపు తట్టినట్టు, సరిగ్గా మా తలల వెనక.

“ఏందది?”

“డ్రమ్ము.”

“కట్టలేదా?”

“కట్టిన. జర జరుగుతది.” కొంచెం దూరం పోయాక తనే మళ్లీ అన్నాడు, “బండికి బ్రేకు ఉన్నది. దానికి లేదు. నేను ఆగుత, అది ఆగది.”

ఆయన సీటు వెనక రేకు మీద ఒక తువ్వాల వేలాడుతోంది. చెమటకేమో అనుకుని, ముఖం తుడుచుకుందామని లాగాను. దాని వెనక రేకు లోపలికి ఉబ్బి ఉంది. అన్నం పళ్లెమంత ఉబ్బు. ఆయన వెనక్కి ఆనుకుంటే తల సరిగ్గా అక్కడికే వస్తుంది.

“నాకు కనవడకుండ కప్పినవా?”

“నీకు కాదే. నాకు కనవడకుండ కప్పిన.”

ఆ రోజు ఆడబిడ్డ ఇంట్లో ఏం తిన్నానో నాకు గుర్తు లేదు.

అప్పటి నుంచి పొద్దున బండి మా ఇంటి ముందు నుంచి పోతుంటే స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాల చప్పుడు, వెనక చక్రాల చప్పుడు, ఆ తర్వాత డుమ్. చేతిలోని తునికాకు చిరిగిపోయేది. పని మానేయమని పోరు పెట్టాను. “సీజన్ నడుమ ఇడిసిపెడితె మళ్ల నన్నెవడు పిలుస్తడే?” అని ఆయన విసుక్కున్నాడు. తిట్టుకున్నాం, మాటలు మానేసుకున్నాం. చివరికి నేనే పటేల్ ఇంటికి పోయాను.

“పటేలా, నా మెడల తాడు గా బండి మీది తాడుకే కట్టి ఉన్నది. జర ఆలోచన చెయ్యి” అన్నాను.

పటేల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు జోడించాడు.

“అందుకే చెల్లె, దాన్ని ఎవ్వర్ని తీయనిస్తలేను.”

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో నాకు ఆ గుమ్మంలో తెలిసింది. ఇంటికొచ్చి మా ఆయనతో, పటేల్‌ను అడిగే పని లేదు, ఎక్కడైనా గొలుసు వెతుకు అన్నాను. పాత సామాన్ల దుకాణంలో బోరు బండి నుంచి తీసేసిన గొలుసు దొరికింది. దాన్ని డ్రమ్ము కింది చట్రానికి వేసి, బండి కొక్కేలకు బిగించాడు. పైన మాత్రం పసుపు తాడు అలాగే కట్టాడు. పటేల్‌కు మోకాళ్ల నొప్పులు, బండి మీదికి ఎక్కడు. కింద నుంచి చూస్తే తాడే కనిపిస్తుంది.

మర్నాడు స్పీడ్ బ్రేకర్ మీద చక్రాల చప్పుళ్లు రెండే వినిపించాయి. మూడోది రాలేదు. నా ప్రాణం లేచి వచ్చింది.

సీజన్ చివర్లో, పోచంపాడ్ దగ్గర, పెద్ద రోడ్డు మీదికి పక్క దారి నుంచి ఒక ట్రాక్టర్ చూసుకోకుండా వచ్చేసింది. మా ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. పైనున్న పసుపు తాడు పుటుక్కున తెగింది. డ్రమ్ము మాత్రం ఉన్నచోటే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి, చెంబెడు నీళ్లు తాగి, భుజం మీది తువ్వాల, ఆ రేకుకు కప్పినదే, తీసి నా ఒళ్లో పెట్టాడు.

“గొలుసు ఆపిందే” అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

మర్నాడు మార్కెట్ యార్డ్‌లో పటేల్ తెగిన తాడును కళ్లకద్దుకున్నాడు. “తాను తెగి మనిషిని కాపాడింది” అన్నాడు. చుట్టూ ఉన్న రైతులు, హమాలీలు తలలూపారు. మా ఆయన ఉండబట్టలేక ఉన్న సంగతి చెప్పి, బండి వెనక తలుపు దించి డ్రమ్ము కింది గొలుసును చూపించాడు. పటేల్ వంగి దాన్ని చేత్తో తడిమి చూశాడు.

“గిది ఉండబట్టెనే గద తాడు తెగింది. లక్ష్మిని కట్టేస్తె ఊకుంటదా?”

సొమ్మొకడిది, సోకొకడిది. తెగిన తాడుకు ముడి పడింది, దానికి ఇంకో కొబ్బరికాయ. మా ఆయన బండి తాళాలు పటేల్ చేతిలో పెట్టి, గొలుసు విప్పి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతున్నాడు.

ఈ సీజన్‌కు ఆ బండి మా వాడకట్టులోని మనిషి చేతికే వచ్చింది. అతని భార్య మా అరుగు మీదే కూర్చుని బీడీలు చుడుతుంది. కథంతా చెప్పాను. రేకు ఉబ్బు సంగతీ చెప్పాను. ఆమె భయపడింది. గొలుసును పాత చీరలో మూట కట్టి ఇస్తే, మోయలేక మోయలేక తీసుకుపోయింది. ఆ రాత్రి నేను కడుపు నిండా తిన్నాను.

పొద్దున తలుపు తీసేసరికి చీర మూట మా గడప ముందుంది. ఆమె అప్పటికే బీడీల చాట ముందేసుకుని అరుగు మీద కూర్చుంది.

“ఏమనుకోకు అక్కా. మా ఆయన వద్దన్నడు. గా తాడు ఇంతకుముందె ఒక పానం కాపాడిందట గద. ఇంక మనకు ఫికర్ ఏముంది అన్నడు.”

“కాపాడింది తాడు కాదమ్మా. మా ఆయన పానం, నాకు తెల్వదా?”

“పటేల్ గట్లనే చెప్పిండట అక్కా” అంటూ ఆమె మెడలోని పుస్తెలతాడును పైకి లాగి కళ్లకద్దుకుంది.

అంతలోనే బండి వచ్చింది. ముందు చక్రాలు. వెనక చక్రాలు. డుమ్.

ఆమె తల ఎత్తలేదు, చేతులు బీడీ చుడుతూనే ఉన్నాయి. నేను మూట దాటుకుని, చేతులూపుకుంటూ రోడ్డు మీదికి ఉరికాను, ఆపమని అరిచాను. పలకరిస్తున్నాననుకున్నాడేమో, అతను కిటికీలోంచి నవ్వుతూ చెయ్యెత్తాడు. అతని తల వెనక రేకు మీద కొత్త తువ్వాల వేలాడుతోంది.