మంద వెంట బడి

నిజాం కాలంలో మక్తల్ దగ్గర మా ఊరికి ఒక పంతులు వచ్చాడు. ఊళ్లో సగం ఇళ్లు గొర్రెలు కాసేవాళ్లవే. పిల్లలు బడికి పోతే గొర్రెల వెంట ఎవరు పోవాలి? పెద్దలు చావడిలో కూర్చుని చుట్టల మీద చుట్టలు కాల్చారు గానీ దారి దొరకలేదు. వానలు పడేలోగా పిల్లలు చేరకపోతే బడిని పక్క ఊరికి మారుస్తామని పైనుంచి తాకీదు వచ్చింది.

నాది గొర్రెపిల్లలను కాసే పని. ఆడపిల్లను బడికి పంపే ఆలోచన మా ఇంట్లో లేదు. నాకేమో అక్షరాలంటే చచ్చేంత ఆశ.

చివరికి పంతులే అన్నాడు: "మంద ఇడిసి మీరు రాకుంటె, బడే మంద కాడికొస్తది."

మధ్యాహ్నం గొర్రెలు నెమరేసే వేళ, అవి ఏ చేనులో పడుకుంటే అక్కడే బడి. నేలమీద ఇసుక పరిచి వేళ్లతో రాయడం. వెనకాల నేనూ కూర్చున్నాను. మంద దగ్గర ఆడపిల్ల ఉంటే ఎవరు కాదంటారు?

మా వైపు రైతులు ఎరువు కోసం రాత్రిళ్లు చేలల్లో మంద పెట్టించుకుని, బదులుగా జొన్నలు కొలుస్తారు. పగటి బడిలోనూ చేనుకు ఎరువు పడుతుంది, దానికి ఏమీ కొలవనక్కర్లేదని ఒక రైతు కనిపెట్టాడు. మర్నాటి నుంచి ఊరంతా చదువు మీద ప్రేమే.

"పంతులూ, గియ్యాల మా చేన్ల చెప్పుండ్రి చదువు."

"వాని చేను నిన్ననే మస్తు చదువుకున్నది! నా చెల్కకు ఇంక అ ఆలు గూడ రాలె!"

"అయ్యా, చదువు పోరగాండ్లకు, చెల్కకు గాదు!"

"ఇద్దరికీ చెప్పు పంతులూ, నీ సొమ్మేం బోతది?"

ఈ బేరాలు తెగేసరికి గొర్రెలు లేచిపోయేవి. ఒక్కో అక్షరం నేర్వడానికి వారం పట్టింది. నేను 'ఈ' దాకా వచ్చానో లేదో వాన పడింది, విత్తనాలు వేశారు. అదే రైతు కట్టె పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

"బడి గిడి అని నా చేన్లకొస్తె కాళ్లిరగ్గొడ్త!"

మేతకు చోటు లేక మంద కృష్ణ ఒడ్డుకు, ఆత్మకూర్ వైపు బయలుదేరింది. పంతులు వెంట రాకపోతే నా చదువు పోయినట్టే. మా నాన్నను బతిమాలి పంతులును అడిగించాను.

"మా ఎంట రా పంతులూ. పూటకింత జొన్న గట్క పెడ్తం, చెంబెడు పాలు పోస్తం."

పంతులు పాదం ఎత్తి చూపించాడు. "ఇంకో ముల్లు దిగనీకె జాగ లేదే పెద్దమనిషీ!"

బడి పక్క ఊరికి పోయింది. నేను మంద వెంట పోయాను. 'ఉ' నేర్చుకునేసరికి నాకు మనవరాలు పుట్టి, పలక పట్టే వయసుకొచ్చింది.