నేను కడిగిన బీరు సీసాలు

సీసాలు కడగబోయి ఒక వంటగదినీ, ఒక దేవుడి కల్యాణాన్నీ కలిపి ముంచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, మీ ఎదురుగానే ఉన్నాను. కాస్త కుదురుగా కూర్చోండి.

కెనడాలోని విండ్సర్‌లో చదువుకునే రోజులవి. ఊరి నిండా మన పిల్లలే. బస్టాపులో నిలబడితే దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడ్డట్టే ఉండేది. కాలేజీలో సీటు దొరికినంత సులువుగా ఊళ్ళో గది దొరికేది కాదు. అలాంటి కరువులో నాకూ, కరీంనగర్ నుంచి వచ్చిన నరేష్‌కీ రాజేశ్వరి ఆంటీ ఇంటి బేస్‌మెంట్ దొరికింది. అమలాపురం ఆంటీ. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"ఇంట్లో మందు వాసన వచ్చిందో, మీ సూట్‌కేసులు మంచులో ఉంటాయి నాన్నా."

ఇంత స్పష్టంగా చెప్పాక బుద్ధున్నవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదు. మేం మాత్రం ఇంట్లోనే బీరు తయారు చేద్దామనుకున్నాం.

ఆలోచన నరేష్‌ది. వాడు గిన్నెలు తోమే రెస్టారెంటులో తీగ క్లిప్పుతో బిగించే మూతలున్న బీరు సీసాలు ఖాళీ కాగానే పారేసేవారు. వాడు వాటిని బ్యాగులో మోసుకొచ్చి మంచం కింద పేర్చాడు.

"సామాను నేను తెస్త. సీసాలు నువ్వు కడుగు," అన్నాడు. "వేడినీళ్ళల్ల సోడా ఏసి నానబెట్టాలె. బ్రష్‌తోని లోపల రుద్దాలె. లేకుంటె అడుగున మడ్డి అట్లనే ఉంటది."

"ఒరేయ్, నేను బీఫార్మసీ చదివానురా. స్టెరిలైజేషన్ గురించి నాకా చెప్తున్నావ్?"

ఆ శనివారం ఆంటీ కూతుర్ని చూడటానికి లండన్ వెళ్ళింది. కంగారు పడకండి, విమానమెక్కే లండన్ కాదు, కారులో పోయొచ్చే మా ఒంటారియో లండన్. కుండీలో కరివేపాకు మొక్కకి నీళ్ళు పొయ్యమని తాళంచెవి నా చేతికిచ్చింది. మొక్కకి నీళ్ళు పోశాను. అక్కడితో కిందికి దిగిపోయుంటే ఈ కథే లేదు. కానీ నా కన్ను డిష్‌వాషర్ మీద పడింది.

మన ఆంటీల ఇళ్ళలో డిష్‌వాషర్ అంటే ఏమిటో మీకు తెలుసు కదా? తలుపున్న గిన్నెల స్టాండు. ఆంటీ కూడా అన్నీ చేత్తో తోమి, ఆరడానికి అందులో పెట్టేది. నేను ఆవిడ ఇడ్లీ ప్లేట్లూ, కుక్కరు మూతా బయటపెట్టి, లేబుళ్ళతో సహా సీసాలన్నీ లోపల పేర్చాను. అందులో వేసే సబ్బు బిళ్ళలు ఇంట్లో లేవు. సింకు పక్కన గిన్నెలు తోమే లిక్విడ్ ఉంది. సబ్బు సబ్బే కదా అనుకుని, పెళ్ళిభోజనాల్లో నెయ్యి వడ్డించినట్టు ధారగా పోసి మీట నొక్కాను.

కాసేపటికి తలుపు సందులోంచి నురగ తొంగిచూసింది. తర్వాత బయటికొచ్చింది. ఆ తర్వాత తన బంధుబలగాన్నంతా వెంటేసుకుని వచ్చింది. కంగారులో తలుపు తీశాను. పాలసముద్రం పొంగి నా మోకాళ్ళ దాకా వచ్చేసింది. నా కేకలకి నరేష్ పైకొచ్చాడు.

"ఏందిరా ఇది? సీసాలు కడగమంటె ఇల్లు కడిగినవ్!"

"మాటలాపి ఎత్తిపొయ్యరా!"

"దేంతోని ఎత్తాలె? గిది గరిటెకొస్తదా, చేటకొస్తదా?"

మేం తువ్వాళ్ళతో నురగని నెడుతుంటే, అది వినయంగా హాల్లోకి నడుస్తోంది. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. మంచు పడుతుందని విని ఆంటీ ముందుగానే తిరిగొచ్చేసింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. "ఓరి నాయనో! మంచు ఇంట్లోకెలా వచ్చిందిరా?"

"మంచు కాదాంటీ, సబ్బు," అన్నాను.

ఆవిడ చూపు సీసాల మీదికెళ్ళింది. నా సూట్‌కేసు బయట మంచులో పడుకున్నట్టు కళ్ళకి కట్టింది. ఎటు చూడాలో తెలియక ఫ్రిజ్ వైపు చూశాను. అక్కడ తెలుగు సంఘంవాళ్ళ శ్రీరామనవమి పోస్టరు అంటించి ఉంది.

"పానకం కోసమాంటీ!" అనేశాను. "నవమికి అందరికీ సీసాల్లో పోసిద్దామని..."

ఆ డిష్‌వాషర్ చేసిన మంచిపని ఒక్కటే. లేబుళ్ళన్నీ ఊడగొట్టేసింది. సీసాలు బయటినుంచి అద్దాల్లా మెరుస్తున్నాయి. ఆంటీ ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది. కళ్ళు చెమర్చాయి.

"నా బంగారాలే! మా అమ్మాయికి కూడా ఇంత భక్తి లేదురా," అంటూ తడి కాళ్ళతోనే సంఘం అధ్యక్షుడు మూర్తి అంకుల్‌కి ఫోన్ చేసింది. "మూర్తిగారండీ, ఈసారి పానకం మా కింద పిల్లలదేనండీ!"

కిందికి రాగానే నరేష్ నెత్తి పట్టుకున్నాడు. "బీరు జేద్దామంటె నన్ను భక్తుణ్ణి జేసినవ్ కదరా!"

ఇక తప్పేదేముంది? బెల్లం కరిగించాం. అల్లం, మిరియాలు, యాలకులు దంచాం. పండగ ముందు నరేష్‌కి వరసగా షిఫ్టులున్నాయని, పానకం చాలా ముందుగానే చేసి, సీసాల్లో నింపి, మూతలు బిగించి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన దాచాం.

"లోపల బ్రష్ కొట్టినవా?" అని వాడు అడగనే అడిగాడు.

"డిష్‌వాషర్‌లో కడిగాక మళ్ళీ బ్రష్ ఎందుకురా?" అన్నాను.

సన్నటి మెడ ఉన్న సీసాలోకి డిష్‌వాషర్ నీళ్ళు సరిగా పోవని బీఫార్మసీలో ఎవరూ చెప్పలేదు మరి.

పండగ రోజు స్కూలు హాలంతా జనం. కల్యాణం అయ్యాక ఆంటీ గర్వంగా మొదటి సీసా క్లిప్పు లాగింది. ఠప్! మూత ఎగిరింది. పానకం ఫౌంటెన్‌లా లేచి పూజారిగారి శాలువా మీద అక్షింతలకంటే ముందు పడింది. జనం చప్పట్లు కొట్టారు. పిల్లలు ఒక్క గుక్క తాగి "టూ స్పైసీ!" అని గ్లాసులు వదిలేసి పరిగెత్తారు. అంతవరకు రాముడు మమ్మల్ని కాపాడాడు.

పెద్దలు మాత్రం వదల్లేదు. ముందు వరసలో ఒక తాతగారు రెండో గ్లాసు అడిగారు. మూడోది అడక్కుండానే తీసుకున్నారు. తర్వాత లేచి మైకు లాక్కుని, సీతమ్మ తరఫున అప్పగింతల పాట పాడుతూ మూర్తి అంకుల్‌ని పట్టుకుని ఏడ్చారు.

నరేష్ నా చెవిలో అన్నాడు. "మడ్డిల ఉన్న ఈస్టు పనిజేసి బెల్లం పులిసిందిరా. మనం బీరే జేసినం. బెల్లం బీరు."

ఆంటీ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. ఆగింది. నా వైపు చూసింది. ఇంకో గుక్క తాగింది. ఇంతలో మూర్తి అంకుల్ మైకు విడిపించుకున్నారు.

"వచ్చే ఏడాదీ పానకం ఈ పిల్లలదే! ఒక్కటే మనవి. రెసిపీ మార్చొద్దు!"

ఆంటీ నన్ను పక్కకి లాగింది. సూట్‌కేసు సర్దుకోవడమే తరువాయి అనుకున్నాను.

"అబ్బాయ్," అంది గొంతు తగ్గించి, "వాసన రాకుండా ఎలా చేశార్రా? ఒక నాలుగు సీసాలు నా కారు డిక్కీలో పెట్టు. మోకాళ్ళ నొప్పులకి మంచిదేమో చూద్దాం."

ఆ రోజే, ఆ స్కూలు పార్కింగులోనే, సీతారాముల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఖాళీ సీసా ముట్టుకోను. కడగను, రుద్దను, కన్నెత్తి చూడను. ఈ మాటకి ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. నిండు సీసాల గురించి మాత్రం నేను ఏ ప్రతిజ్ఞా చేయలేదని గమనించగలరు.