మావయ్య స్పీకరుకు నేను తెచ్చిన ఆంప్లిఫయరు

2005 మార్చి. చెన్నై దుకాణం వారు ఆంప్లిఫయరును ఓడకెక్కించామన్నారు. ఓడ పోర్ట్ బ్లెయిర్ చేరింది, సరుకు చేరలేదు.

2005 ఏప్రిల్. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు.

2005 మే. సరుకు వచ్చింది. అట్టపెట్టె ఒక మూల నలిగి ఉంది. ఫోనులో "సారీ మేడమ్" అన్నారే తప్ప కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు.

నాకు జరిగిన అన్యాయాలను ఇలా నెలలవారీగా రాసి ఉంచుకోవడం ఆఫీసు ఉద్యోగం నేర్పిన అలవాటు. ఆ దుకాణం మీద నా కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను. కాని ఆ వ్యవహారంలో అందరికంటె పెద్ద తప్పు చేసినదానిని నేను. అది నా పుస్తకంలో ఎక్కడా లేదు. అది రాయాలంటే నా చిన్నప్పటి ఒక ఆదివారం నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు మేము పోర్ట్ బ్లెయిర్‌లోనే, మిన్నీ బేలో ఉండేవాళ్ళం. పక్కింటి మావయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. ఓడల వర్క్‌షాపులో వైర్‌లెస్ సెట్లు బాగుచేసేవాడు. ఇంట్లో గ్రామఫోను పాటలు వినడానికి బల్బుల్లా వెలిగే గాజు వాల్వులతో ఒక చిన్న ఆంప్లిఫయరును తానే తయారు చేసుకున్నాడు. పాత ఓడ నుంచి విప్పిన వెడల్పాటి కాగితపు స్పీకరును చెక్కపెట్టెలో బిగించి దానికి కలిపాడు. ఆ స్పీకరు ఎంత సున్నితమైనదంటే, చిటికెడు కరెంటు అందితే చాలు, గది నిండేది.

ఒక ఏడు శ్రీరామనవమికి కాంట్రాక్టరు ఒకరు పెద్ద వాల్వు ఆంప్లిఫయరు సెట్టు తెప్పించి మావయ్య ఇంట్లో ఉంచారు. నాలుగు పెద్ద వాల్వులు ఎర్రగా వెలిగేవి. ఆ ఆదివారం నేను దాని ముందు నుంచి కదలలేదు. ఇదే గొప్పదనీ, మావయ్యది దీని ముందు అగ్గిపెట్టె అనీ అందరిలో ప్రకటించాను. మావయ్య నవ్వి, రెండు సెట్లకూ అడ్డంగా అత్త చీర కట్టాడు. నన్ను గోడవైపు తిరిగి కూర్చోమన్నాడు. తన స్పీకరుకే రెండు సెట్లనూ మార్చి మార్చి కలుపుతూ, ఒకే వీణ రికార్డును మూడుసార్లు వేశాడు. ఏది బాగుందో చెయ్యెత్తి చెప్పమన్నాడు. మూడుసార్లూ నా చెయ్యి లేచింది అగ్గిపెట్టెకే.

"ఏటే పిల్లా, ఇందాకా వెలుగు సూసి వోటేసినావు, ఇప్పుడు సెవితోటి వేసినావు. ఏది లెక్క?" అన్నాడు. అత్త పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఆయన నన్ను ఏడవనివ్వలేదు. నాదస్వరం, డోలు ఉన్న రికార్డు తీసి, పండగకని తెచ్చిన బిగుతైన, ఎక్కువ కరెంటు అడిగే చిన్న స్పీకరుకు తన సెట్టు కలిపాడు. డోలు దెబ్బకు చిన్న సెట్టు గొంతు చించుకుంది. పెద్ద సెట్టు కలిపితే వాకిలి దాటి వినబడింది. "సూసినావా, దీన్నీ తిట్టకూడదు. ముందు మనిసి ఏటి వింటాడో అడగాల. ఆ పాటకి ఏ స్పీకరో సూడాల. ఆ స్పీకరు ఎంత అడిగితే అంతే ఇచ్చే సెట్టు తేవాల. సెట్టు ఆకర్న, బస్" అన్నాడు. ఆ మాటలను నా బడి నోటు పుస్తకం వెనుక అట్ట మీద రాసుకున్నాను. జీవితంలో నేను రాసుకున్న మొదటి రికార్డు అదే.

2004 డిసెంబరులో సునామీ నాడు నీళ్ళు మావయ్య ఇంట్లోకి వచ్చాయి. ఎత్తున గోడకు బిగించిన స్పీకరు మిగిలింది. కింద బల్ల మీద ఉన్న చిన్న సెట్టు ఉప్పునీటిలో మునిగి పాడయింది. అత్త అంతకు ముందే పోయింది. కూతురు వచ్చి ఆయననూ ఆ స్పీకరునూ తుష్నాబాద్‌లోని తన ఇంటికి తీసుకువెళ్ళింది. నేను చూడడానికి వెళ్ళినప్పుడు ఆయన మూగబోయిన ఆ పెట్టెకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కొత్త సెట్టు నేను తెస్తానని అక్కడికక్కడే మాట ఇచ్చాను.

బజారులో మనవాళ్ళ దుకాణం ఒకటి ఉంది. యజమాని నా చేత స్పీకరు సంగతంతా చెప్పించుకుని, ఎనిమిది వాట్ల పాత వాల్వు సెట్టు చూపించాడు. నాకు మండిపోయింది.

"అంత మనిషికి ఎనిమిది వాట్లా, భయ్యా? నేనేం బొమ్మ కొంటున్నానా?"

"దీదీ, ఆ స్పీకరుకి ఇదే జ్యాదా, ఎక్కువే. అయినా మావయ్యగారు ఏం వింటారు?"

"అది మీకెందుకు? ఇంతకంటె పెద్దది ఉందా, లేదా?"

లేదన్నాడు. అరవై వాట్లది చెన్నై నుంచి తెప్పించాను. నెలలు గడిచాయి. నేను ఉత్తరాలు రాస్తూ, తేదీలు వేస్తూ, ఆయన కోసం పోరాడుతున్నాననే అనుకున్నాను. సెట్టు చేరిన రోజు నేనే తుష్నాబాద్ తీసుకువెళ్ళి బిగింపించాను. పాట ఇంకా మొదలుకాకముందే ఆ సున్నితమైన స్పీకరు తుమ్మెదలా గుయ్యిమంది. గుండీని వెంట్రుకవాసి తిప్పితే చాలు, మోత. మావయ్య నా ముఖం చూసి, "బాగుందమ్మా, శానా బాగుంది" అన్నాడు. నేను ఆ మాటను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది.

ఆయన ఆ వానాకాలంలోనే పోయాడు. పదమూడో రోజున కూతురు చెప్పింది. "దీదీ, మీరెళ్ళాక నాన్న ఒక్కపాలి పెట్టేడు. వినలేక కట్టేసేడు. సిన్నది తెత్తానంటే, వద్దే, పిల్ల మనసు నొచ్చుకుంటాదన్నాడు." అరవై ఏళ్ళకు దగ్గరపడిన నన్ను ఆయన ఇంకా పిల్ల అనే అన్నాడు. నా మనసు నొచ్చుకోకూడదని, తన చివరి నెలలను పాట లేకుండా గడిపాడు.

అప్పటి నుంచి, ఎవరికైనా ఏదైనా తెచ్చిపెట్టే ముందు నీకేం కావాలని అడుగుతాను. పాలకూరకైనా అడుగుతాను. మనవలు విసుక్కుంటారు. అడగవలసిన ఒక్క మనిషిని మాత్రం అడగలేదు. ఆయన నాకు నేర్పిన మొదటి ప్రశ్ననే ఆయనను అడగలేదు.

కనుక తుష్నాబాద్‌లో ఉన్న మావయ్య కుమార్తెకు ఇందుమూలంగా విన్నవించుకునేది: నేను వెళ్ళిపోయిన తరువాత మీ నాన్నగారు ఆ ఒక్కసారి పెట్టి, వినలేక ఆపేసిన పాట ఏదో దయచేసి తెలియజేయగలరు. ఫోనులో చెప్పవద్దు. తెలుగు రాయడం అలవాటు తప్పిందంటే మీ పిల్లల చేత హిందీలోనైనా రాయించి, కింద మీ సంతకం చేసి పంపండి. జవాబు రాతపూర్వకంగానే కావాలి.