తొమ్మిదిమంది దిగిన జీపు

మొన్న అరకు వెళ్ళే బస్సులో కండక్టరు నా సీటు దగ్గర ఆగి, "అమ్మా, కాస్త అడ్జస్టయిపోండి, ఇంకొకలు కూకుంటారు" అన్నాడు. నేను జరగలేదు, లేచి నిలబడ్డాను. "నిన్ను లెమ్మనలేదు, జరగమన్నాడు" అంటూ మా ఆడపడుచు కొంగు పట్టి లాగింది. మోకాళ్ళ నొప్పులని రోజంతా సణిగే మనిషిని, ఘాట్ రోడ్డు పొడుగునా నిలబడే వెళ్ళాను. ఎందుకు నిలబడ్డానో ఆవిడకి చెప్పలేదు.

ఇంగ్లీషువాళ్ళు ఆ అడ్జస్ట్ అనే మాటని ఏ గడియారం ముల్లుకో కళ్ళజోడుకో వాడుకుని ఊరుకుంటారు కాబోలు. మన చేతిలో పడ్డాక దానికి క్షణం తీరిక లేదు. పాడేరు అవతల కొండల్లో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను ఇంగ్లీషు చెప్పే రోజుల్లో, మా బడి సగం ఆ మాట మీదే నడిచేది. లెక్కల టీచరు బదిలీ అయితే నన్ను లెక్కలకి అడ్జస్ట్ చేశారు. నాకు లెక్కలు రావని రెండో రోజుకే కనిపెట్టి పిల్లలు నాతో అడ్జస్టయ్యారు. ఇద్దరి మంచం మీద ముగ్గురు పడుకోవాలన్నా, పప్పులో ఇంకో బిందె నీళ్ళు పొయ్యాలన్నా, సెలవు పెట్టకుండా నేను విజయనగరం వెళ్ళి రావాలన్నా అదే మందు. చెప్పేవాళ్ళు వేరు, పడేవాళ్ళు వేరని అప్పట్లో నాకు తోచనే లేదు.

ఒక సంతరోజు పాడేరులో మా టీచర్లకి మీటింగు. నేను బడి దగ్గరి సంతలో పసుపు కొమ్ములు ఏరుకుంటూ, అవి మంచివా ఇవి మంచివా అని ఆ కొట్టామెను విసిగించి, తీరా పాడేరు జీపు దగ్గరికి వచ్చేసరికి అది నిండిపోయింది. ఎక్కినవాళ్ళంతా ఒకే ఊరివాళ్ళు, తొమ్మిదిమంది. మధ్యలో మా బడిలో ఆరో తరగతి చదివే ఒక పిల్ల తల్లి, ఒళ్ళో పసిబిడ్డ. "పిల్లకి ఒళ్ళు కాలిపోతంది టీచరమ్మా, పెద్దాసుపత్రికి ఎల్తన్నాం" అంది. ఆ కొండల్లో ఆసుపత్రికి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు, ఊరు కదులుతుంది. ఒక్క జ్వరానికి తొమ్మిదిమంది ఎందుకని నాకు విసుగేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, విసుగే వేసింది.

"కొంచెం అడ్జస్ట్ చెయ్యి బాబూ, లేటయిపోతోంది" అన్నాను డ్రైవరుతో. అతను వెనక్కి తిరిగి, "టీచరమ్మగారు అర్జెంటుగా ఎల్లాలంట. ఎవులో ఒకలు దిగండి" అన్నాడు. చివరనున్న ముసలామె దిగింది. ఆమె వెనకే ఇంకొకరు, ఆ వెనక మరొకరు. చూస్తూండగానే తొమ్మిదిమందీ దిగిపోయారు, బిడ్డతో సహా ఆ తల్లి కూడా. "ఒక్కరు దిగితే చాలు, నువ్వు ఎక్కమ్మా!" అని నేను కేకలేశాను. ముసలామె నావైపు కోపంగానైనా చూడలేదు. "కలిసొచ్చినాం టీచరమ్మా. ఒకలని ఒగ్గీసి ఎల్లం" అంది.

నేను దిగిపోతే సరిపోయేది. అంత చిన్న ఆలోచన నాకు రాలేదు. పైగా "ఇంకో జీపు బేగి వచ్చేస్తుంది" అని వాళ్ళకి ధైర్యం చెప్పి, ఖాళీ జీపులో పసుపు సంచీ పక్కన పెట్టుకుని కాళ్ళు చాపుకుని వెళ్ళాను. మీటింగులో టీ తాగాం, హాజరు వేయించుకున్నాం, ఏం మాట్లాడుకున్నామో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

రెండో జీపు ఘాట్‌లో చెడిపోయి రాలేదట. సాయంత్రం దాకా చూసి, బిడ్డను మార్చి మార్చి ఎత్తుకుంటూ వాళ్ళు పాడేరుకి నడక మొదలుపెట్టారు. మా ఆరో తరగతి పిల్ల ఇంటికి వెళ్ళి నాలుగు రోజులు బడికి రాలేదు. వచ్చాక, "చెల్లికి ఎలా ఉంది?" అని అడిగాను. "దారిలోనే పోయింది టీచర్" అని, నోట్సు తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. నేను బోర్డు వైపు తిరిగి, రాసిందే చెరిపి మళ్ళీ రాశాను. ఆ జీపు సంగతి ఆ పిల్లకి తెలుసో లేదో అడిగే ధైర్యం నాకు ఆ రోజూ లేదు, ఆ పిల్ల పది పూర్తిచేసి వెళ్ళేదాకా లేదు.

మళ్ళీ సంతరోజు జీపు దగ్గర ఆ తల్లి కనిపించింది. అదే ఊరివాళ్ళు, అలాగే నిండిన జీపు. నేను తల వంచుకుని వెనక్కి తిరగబోయాను. ఆవిడ నన్ను చూసి, ముసలామెను మోచేత్తో పొడిచి, ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు ఒరిగారు. ఖాళీ చేసిన చోటును అరచేత్తో తుడిచి, "రా టీచరమ్మా, కూకో. జాగా ఉంది" అంది. ఎక్కాను. ఆవిడ ఒళ్ళో ఆ రోజు ఏమీ లేదు, అందుకే నా సంచీ తీసి పెట్టుకుంది.

ఏళ్ళు గడిస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని నా ఈడువాళ్ళు అంటూంటారు. పదిహేనేళ్ళయింది. ఆవిడ జరిగి ఇచ్చిన ఆ జానెడు చోటులో నేనింకా కుదురుగా కూర్చోలేకపోతున్నాను.