కిటికీ తెరిచి పాడిన పాట

చిగుసా నోనోమురా పరుపుల గూట్లో కూర్చుని పాడేది. పగలు పరుపులు మడిచి దాచుకోవడానికి గోడలో ఉండే గూడు అది. మనిషి ముడుచుకుంటే పడుతుంది. అద్దె వాటాల గోడలు అట్టముక్కలకంటే గొప్పవేం కావు. అందుకే పరుపులు బయటికి లాగి, తను లోపల దూరి, నెత్తిన బొంత కప్పుకుని మైకు ముందు నోరు తెరిచేది. పొద్దున్నంతా సూపర్ మార్కెట్ వంటగదిలో బంగాళదుంప కొరొక్కెలు వేయించి, ఒంటికి ఆ నూనె వాసన ఇంకా వదలకముందే అక్కడ దూరేది. ఆ గూట్లోంచి వచ్చిన పాటలంటే దేశంలోని కుర్రకారు చెవి కోసుకునేవారు.

నెట్‌లో ఆమె పేరు షియోడోరి, అంటే ఉప్పుపిట్ట. ముఖం ఉండాల్సిన చోట ఒక తెల్లపిట్ట బొమ్మ. ఆ తరహా పాటగాళ్ళలో ముఖం చూపించేవాళ్ళు అరుదు. చూపించమని ఎవరైనా అడిగితే అభిమానులే కసురుతారు. మిగతావాళ్ళకు అది సరదా కావచ్చు, సిగ్గు కావచ్చు. చిగుసాకు మాత్రం ప్రాణం చుట్టూ వేసుకున్న కంచె. కోబెలో ఆమెను పెళ్ళాడిన కునిహికో సెగావా ఆమెకోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

వాడు తాగుబోతు కాదు, రౌడీ కాదు. అలాంటివాడైనా బాగుండేది, నలుగురూ ఆమె మాట నమ్మేవారు. ఎదురైనవాళ్ళకల్లా వంగి వంగి నమస్కారాలు పెట్టేవాడు, ముసలివాళ్ళ సంచులు మోసేవాడు. ఇంట్లోకొచ్చి తలుపు వేశాకే అసలు మనిషి బయటపడేవాడు. గొంతు పెంచకుండా "నీ మంచికే చెబుతున్నా" అంటూ ఆమె వేళ్ళు తలుపు సందులో పెట్టి నొక్కేవాడు. పోలీసుల దగ్గరికి వెళితే, అంత మర్యాదస్తుడి మీద ఇదేం మాటమ్మా అన్నారు. చివరికి ఒకనాడు చేతిసంచితో రైలెక్కి, నామిషిరో అనే ఈ చేపల రేవుకు వచ్చి, పుట్టింటి పేరుతో బతకసాగింది. ఆ ఇంట్లో పైకి అనలేనిదంతా పాటల్లో అనేది. ఏ పాటలోనూ వాడి పేరు లేదు. వింటే వాడికి తెలుస్తుంది, అంతే.

ఆ వేసవిలో ఎండలు మండిపోయాయి. గూట్లో ఊపిరాడక, ఆ ఒక్కరోజు గూటి తలుపూ కిటికీ తెరుచుకుని పాడింది. చివరి చరణం దగ్గర ఊరి స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లు ఐదు గంటల పాట మోగించాయి. ఆడుకునే పిల్లలను ఇళ్ళకు పొమ్మని సాయంత్రంపూట ఇలా ఊరూరా ఏదో ఒకటి మోగిస్తారు. ఈ ఊళ్ళో గంటల మోతగా మోగేది జాలర్ల పాత వలపాట. అది ఇంకే ఊళ్ళోనూ లేదు. కొత్తలో చిగుసా పని ఆపుకుని మరీ వినేది. ఇప్పుడు ఊరివాళ్ళలాగే ఆమె చెవికీ అది ఆనడం మానేసింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వింది, గొంతు ఇంత బాగా ఎన్నడూ పలకలేదని మురిసిపోయింది, నెట్‌లో పెట్టేసింది. ఈ ఊరిదైపోవడమే ఆమె చేసిన తప్పు.

పాట ఊరూవాడా పాకిపోయింది. కింద రాసేవాళ్ళు మొదట గొంతును మెచ్చుకున్నారు. తర్వాత ఎవరో, "చివర్లో ఆ గంటలేంటి? ఏడుపొచ్చేసింది" అన్నారు. ఇంకెవరో ఎంతో ప్రేమగా, "అది మా అమ్మమ్మగారి ఊరు నామిషిరో పాట కదూ!" అని రాశారు. చిగుసా వెంటనే పాట తీసేసింది. ఎందుకు తీసింది, ఏమైంది అని ఇంకా పెద్ద గోల. అప్పటికే దాచుకున్నవాళ్ళంతా తలోచోటా దాన్ని మళ్ళీ పెట్టారు.

ఊరు మాత్రం పొంగిపోయింది. సూపర్ మార్కెట్‌లో చేపల పెట్టెల దగ్గర పొద్దస్తమానం ఆ పాటే. తన ఏడుపు తన నెత్తిమీదే మోగుతుంటే, చిగుసా మూతికి మాస్కు కట్టుకుని కొరొక్కెలు తిప్పుతూ నిలబడింది. పక్కన పిండి అద్దే హరుయో ఊరుకునే రకం కాదు.

"ఏమే చిగుసా, ఆ పిల్ల మన ఊళ్ళోనే ఉందట. ఎవరై ఉంటుందంటావ్?"

"నాకేం తెలుసక్కా."

"గొంతు అచ్చం నీదేనే. 'రండి రండి, వేడివేడిగా ఉన్నాయి' అని అరుస్తావే, అదే సాగదీత."

"నా మొహానికి పాటలు కూడానా! ముందు ఆ పిండి చూడు, ముద్దకడుతోంది."

"ఆ పిల్ల మొహం చూపించదటగా. నీకైతే బాగా సరిపోతుందిలే" అని హరుయో పకపకా నవ్వింది.

చిగుసా కూడా నవ్వింది. ఆ రోజునుంచి రండి రండి అని అరవడం మానేసింది.

తర్వాత ఒక మాట వచ్చింది. బొమ్మా పేరూ లేని ఎవరో పాట కింద రాశారు: "కిటికీ మూసుకుని పాడాలి. నీ మంచికే చెబుతున్నా." ఎంత శ్రద్ధో అని ముచ్చటపడి చాలామంది దానికి గుండె బొమ్మలు పెట్టారు. ఆ చివరి మాట ఎవరు అంటారో చిగుసాకు తెలుసు. రేవు మెట్ల మీద ఫోన్లు పట్టుకుని తిరిగే కొత్త మొహాలు ఎక్కువయ్యాయి. వాళ్ళలో కునిహికోలా పొడుగాటి మనిషి వీపు కనబడితే చాలు, ఆమె పక్క సందులోకి తిరిగేది.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, పనినుంచి వస్తుంటే ఇంటి ఓనరమ్మ ఇనోకుచి గారు మెట్ల దగ్గరే పట్టుకుంది.

"అమ్మాయ్, నీ పక్కవాటా నిండిందోయ్! ఎంత మంచాయనో. కోబెనుంచి నాకు మిఠాయి పెట్టె తెచ్చాడు. నా చేతిలో చీపురు లాక్కుని మెట్లన్నీ తనే ఊడ్చాడు."

"పేరేంటండీ?"

"సెగావా గారట. కాసేపట్లో కానుకగా తువ్వాలు పట్టుకుని నిన్ను పలకరించడానికి వస్తానన్నాడు. ఇంట్లో దిగిన రోజే ఇరుగుపొరుగును పలకరించే పద్ధతి ఈ కాలంలో ఎవరికుంది చెప్పు? నువ్వసలే ముభావం మనిషివి. చక్కగా తలుపు తీసి మాట్లాడు."

చిగుసా పైకి వెళ్ళింది. పక్క తలుపు మీద పేరు అప్పుడే అతికించి ఉంది. చప్పుడు కాకుండా తన వాటాలోకి దూరి, గడియ వేసి, గొలుసు తగిలించి, చేతిసంచి కిందికి దించింది. రెండు చొక్కాలు అందులో కుక్కి ఆగిపోయింది. ఈసారి పారిపోతే పాట మానుకోవాలి. ఎక్కడ నోరు తెరిస్తే వాడు అక్కడికొస్తాడు. నోరు మూసుకుని బతకడమంటే ఏమిటో వాడి ఇంట్లోనే చూసింది. ఇక దానికి ఆమె సిద్ధంగా లేదు.

మాస్కు లాగేసి నేలమీద కూర్చుంది. ఫోన్ తన ముఖానికి ఎదురుగా పెట్టుకుని నెట్‌లోకి ప్రత్యక్ష ప్రసారం తెరిచింది. ఎవరీవిడ, పిట్ట ఏది అని జనం పోగయ్యారు.

"నేనే షియోడోరిని. నా పేరు చిగుసా నోనోమురా. ఉండేది నామిషిరోలో. నా పాటలన్నీ ఒక్కడి గురించే. వాడి పేరు కునిహికో సెగావా. ఇవాళ నా పక్కవాటాలో దిగాడు. రేపటినుంచి నేను పాడకపోతే, ఎందుకని వాణ్ణి అడగండి."

ఆమె ఆగింది. గోడ అవతల ఫోన్‌లోంచి ఆమె గొంతే, కాస్త ఆలస్యంగా వినబడింది: "...వాణ్ణి అడగండి." తర్వాత అదీ ఆగిపోయింది. పక్క తలుపు తెరుచుకుంది. ఆమె గుమ్మం బయట బెల్ మోగింది.

"నమస్కారమండీ. పక్కన కొత్తగా దిగాను, సెగావాని. చిన్న తువ్వాలు తెచ్చాను. వేళకాని వేళ ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి."

చిగుసా ఫోన్‌ను తలుపువైపు తిప్పింది.

"ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో" అని ఎవరో రాశారు. "పాపం, తలుపు తీసి మాట్లాడుకోవచ్చుగా" అని ఇంకొకరు. పోలీసులూ అదే మాట, ఓనరమ్మా అదే మాట, ఇప్పుడు వీళ్ళూ అదే మాట.

మళ్ళీ బెల్ మోగింది. "చిగుసా గారూ, లోపలే ఉన్నారని తెలుసండీ."

ఆ మర్యాద ఎంతసేపు నిలుస్తుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని, అంతమంది వింటుండగానే ఆ మర్యాద కాస్తా అయిపోవాలని కోరుకుంటూ, తలుపుకు ఎదురుగా అలాగే కూర్చుంది.